ఉప్పు సోకని బాట

"బూట్లు అక్కడే విప్పు," అన్నాడు రొజేర్, పార అడ్డం పెట్టి.

బావమరిది ఒనెసీమ్ రోడ్డు వారనే ఆగిపోయాడు. ఆ పూట చలి ఎలాంటిదంటే, బయట ఆవులించినవాడు నోరు మూసుకోవాలంటే ఇంట్లోకెళ్ళి పొయ్యి ముందు కూర్చోవాల్సిందే.

"మేజోళ్ళతో నడిచి రమ్మంటావా బావా?"

"మేజోళ్ళతో వస్తావో, చేతుల మీద నడిచొస్తావో నీ ఇష్టం. నీ బూట్లకి మంచు కరగడానికి రోడ్డు మీద చల్లిన ఉప్పంటింది. ఆ రవ్వ ఒక్కటి నా బాట మీద రాలినా ఊరుకోను."

"చిటికెడు ఉప్పుకే చచ్చే బాట నేల మీద దేనికి? అద్దాల బీరువాలో పెట్టుకో."

ఆ మాట రొజేర్ గుండెలో మేకులా దిగబడిపోయింది.

మంచు పడకముందు, సరిగ్గా బంగాళాదుంపల తవ్వకాలయ్యాక, రోడ్డు నుంచి గుమ్మం దాకా కాంక్రీటు బాట, పెరట్లో ఓ చప్టా తన చేత్తోనే పోసుకున్నాడతను. ఊరి పక్క నదికి ఇవతల గట్టున అంత నున్నని బాట ఇంకోటి లేదని అతని నమ్మకం. అవతల గట్టు కెనడా కాబట్టి దాని సంగతి అతను లెక్కలోకి తీసుకోలేదు. చప్టా మీద టార్పాలిన్ కప్పి, శవపేటికని కట్టినట్టు తాళ్ళు బిగించాడు. బాటకి తడి ఇంకకుండా నూనె పట్టించాడు. మంచు తీసే పార అంచుకి రబ్బరు తొడిగాడు, గీత పడకుండా.

ఇక ఊళ్ళో వాళ్ళని చూస్తే అతనికి నవ్వే. మంచు గడ్డ కరగాలని వీళ్ళు బాటల మీద దోసిళ్ళతో ఉప్పు చల్లుతారు, వసంతానికి పెచ్చులూడితే ఆకాశం కేసి చూస్తారు. "కొత్త కాంక్రీటు పచ్చి బాలింత లాంటిది. మొదటి చలికాలం ఉప్పు సోకకూడదు," అని చర్చి మెట్ల మీద నిలబడి, ఎవరూ అడక్కపోయినా చెప్పేవాడు. "జారకుండా ఉండాలంటే ఇసుక చల్లాలి. బుర్ర ఉన్నవాడు చేసేది అదీ."

ఇసుక, రోడ్ల పని బళ్ళు నిలిపే ఊరి గ్యారేజీ దగ్గర కుప్ప పోసి ఉండేది. ఏ ఇంటివాళ్ళయినా బకెట్లు తెచ్చుకుని ఊరికే తీసుకెళ్ళొచ్చు. రోడ్ల పని చూసే లెవీత్ దానికి కాపలా, కర్త, కర్మ అన్నీ. పెరటి మట్టి గునపాన్ని వంచేసే రోజుల్లో కూడా ఆ కుప్పలో పార రవ్వలో గరిటెలా దిగేది. "చూశారా, ఇసుకంటే అదీ! పొడిపొడిగా ఎలా ఉందో," అని రొజేర్ మురిసిపోయేవాడు, దాన్ని తనే కన్నట్టు.

మార్చి దాటి మంచు కరిగింది. బాట బయటపడింది. పాత గోడకి సున్నం లేచినట్టు పైపొరంతా పెచ్చులు పెచ్చులుగా లేచి ఉంది. పెరట్లో టార్పాలిన్ విప్పి చూస్తే చప్టా మాత్రం అద్దంలా ఉంది.

రొజేర్ మోకాళ్ళ మీద కూర్చుని బాట ఆ చివరి నుంచి ఈ చివరిదాకా తడిమాడు. లేచేసరికి దోషి దొరికిపోయాడు. అట్టు మీదా, దుంప మీదా, ఆఖరికి యాపిల్ ముక్క మీదా ఉప్పు చల్లుకుని తినే మనిషి ఊళ్ళో ఒక్కడే. బాటని చూసి నవ్వినవాడూ వాడే.

"నీ తమ్ముడు జేబులో తెచ్చి చల్లాడు," అన్నాడు భార్య డెలీమాతో.

ఆమె నమ్మలేదు. తల్లి పోయాక ఒనెసీమ్‌ని పెంచింది ఆవిడే. ప్రతి ఆదివారం ఆమె చేతి అట్లు తినకపోతే వాడికి వారం మొదలవదు. ఈ ఇంటికి రాకపోతే వాడికి వెళ్ళడానికి ఇంకో ఇల్లు లేదు. ఆ మాటే చెప్పుకుని ఏడ్చింది. రొజేర్ కరగలేదు. పంచాయితీ పెట్టి తేలుస్తానన్నాడు. ఆదివారం భోజనానికి లెవీత్‌ని పిలిచాడు, కాంక్రీటు తెలిసిన మనిషని.

"ఉప్పని తేలితే నీ తమ్ముడు మళ్ళీ ఈ గడప తొక్కడు."

"వాడు కాదని తేలితే?" అంది డెలీమా.

"చర్చి మెట్ల మీద, అందరి ముందూ, వాడి కాళ్ళకి నా చేత్తో బూట్లు తొడుగుతాను."

ఆదివారం అందరూ బల్ల దగ్గర చేరాక లెవీత్ బయటికెళ్ళి ఓ పెచ్చు గోటితో ఊడదీసి, నాలుక చివర పెట్టుకున్నాడు. లోపలికొచ్చి కుర్చీ లాక్కున్నాడు.

"ఉప్పే. అనుమానమే లేదు."

"విన్నావా?" అన్నాడు రొజేర్ భార్య వైపు తిరిగి. గొంతులో పెళ్ళివారి ఉత్సాహం.

ఒనెసీమ్ లేచాడు. గుమ్మం దగ్గర వంగి బూట్ల తాళ్ళు కట్టుకోవడం మొదలుపెట్టాడు. "నేను చల్లలేదక్కా," అన్నాడు, తలెత్తకుండా. డెలీమా వాడి పళ్ళెం చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. వాడి కోసం వేసిన అట్టు పెనం మీద మాడుతోంది.

లెవీత్‌కి ఇవేవీ పట్టలేదు. అట్టు చుట్ట చుట్టి వెన్నలో ముంచుతూ, మాటవరసకి అడిగాడు.

"ఇంతకీ జారకుండా ఏం చల్లేవాడివి?"

"ఇంకేం చల్లుతాను? నీ కుప్పలో ఇసుకే," అన్నాడు రొజేర్ గర్వంగా. "పొద్దునో బకెట్టు, సాయంత్రమో బకెట్టు. చలికాలమంతా పరుపు పరిచినట్టు పరిచాను."

లెవీత్ నమలడం ఆపాడు.

"అది గడ్డకట్టకుండా ఉప్పు కలిపేది నేనే కదయ్యా."