రెండో చూపు

"ఇవాళ్టి నుంచి గొడుగుకి ఒక్క మనిషే. మడిచినవాళ్లే సంతకం పెట్టి పంపేస్తారు. రెండో మనిషి చూడక్కర్లేదు," అన్నాడు యూనియన్ కార్యదర్శి.

మడతక్క చేతిలోని తాళ్లు అలాగే ఉండిపోయాయి. సైనికులు విమానంలోంచి దూకే పారాచూట్లని ఆ షెడ్డులో అందరూ గొడుగులనే అంటారు. వాటిని పొడుగాటి బల్లల మీద పరిచి మడిచేది మాత్రం యూనిఫారం లేని మామూలు జనం. అందరిలోకీ ఆమే పాతది.

"దీనికి ఎవరు ఒప్పుకున్నారు తమ్ముడూ?"

"మన యూనియనే అక్కా. నిన్న పెద్దాఫీసరుతో కూర్చుని మాట్లాడాను. పని రెట్టింపు సాగుతుందని ఆయన ఆశ. మనకి కొత్త ఆఫీసు కట్టిస్తానన్నాడు. ఏసీ కూడా!"

ఆమె చేతిలోని తాళ్లు వదిలేసింది.

"మొన్న వార్షికోత్సవంలో మైకు పట్టుకుని ఏం చెప్పావు? ఆ రోజుల్లో గొడుగు విచ్చుకోక ఒక కుర్రాడు పడి చచ్చిపోతే, మడిచినావిడని జైల్లో పెట్టారనీ, ఒక్క జత కళ్లు పొరపాటు పడతాయి, రెండో జత కావాలని జనమంతా పని మానేసి గేటు ముందు ఎండలో కూర్చున్నారనీ, ఈ యూనియన్ అక్కడే పుట్టిందనీ చెప్పలేదూ? చెబుతూ కళ్లు కూడా తుడుచుకున్నావు కదయ్యా!"

"చరిత్రని ఎవరు కాదన్నారక్కా? పుస్తకం కూడా వేయిస్తున్నాం. అలాగని దాన్నే పట్టుకుని వేలాడతామా?"

షెడ్డులో కొత్తవాళ్లు తాళ్లకేసి, పాతవాళ్లు గోడలకేసి చూస్తూ నిలబడ్డారు. కంచే చేను మేస్తుంటే, చేను యజమానులు గుడ్లప్పగించి చూస్తున్నారు! కార్యదర్శి మీద కన్నా వాళ్ల మీదే మడతక్కకి ఎక్కువ రోత పుట్టింది.

"రెండోసారి చూడకుండా ఈ బల్ల మీంచి ఒక్కటీ కదలదు," అంది.

"అయితే నువ్వే కదలాల్సొస్తుంది." కార్యదర్శి ముఖాన నవ్వు చెరగలేదు. "యూనియన్ అండ లేనివాళ్లని ఆఫీసర్లు ఎన్నాళ్లు ఉంచుతారో నీకు తెలీదా? ఇంట్లో మంచం పట్టిన మొగుడున్నాడు. ఆలోచించుకో."

"మా ఆయన మంచం మీంచి పడితే లేపడానికి నేనున్నాను. ఆకాశంలోంచి పడేవాళ్లని ఎవరు లేపుతారు? నువ్వా?"

ఆప్రాన్ విప్పి బల్ల మీద పడేసి బయటికి నడిచింది. ఆగమన్నవాళ్లు లేరు. గేటు దగ్గర యూనియన్ జెండా రెపరెపలాడుతుంటే, ఉద్యోగం పోయిన అంత బాధలోనూ ఆమెకి అసహ్యమే ముందు పుట్టుకొచ్చింది. జెండా కర్ర మొదట్లో తుపుక్కున ఉమ్మేసింది.

వెనక నుంచి పరుగు చప్పుడు. కార్యదర్శి రొప్పుకుంటూ వచ్చి ఆమె దారికి అడ్డంగా నిలబడ్డాడు.

"ఇంకా ఏం మిగిలింది?" అంది మడతక్క.

అతను అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"ఎవరితోనూ అనకక్కా... మా పెద్దాడు ఈ మధ్యే సైన్యంలో చేరాడు. రేపే మొదటిసారి దూకుతున్నాడు. వాడికిచ్చే గొడుగు విడిగా పక్కన పెట్టించాను. అదొక్కటీ నువ్వు రెండోసారి చూసి వెళ్లవూ?"