కిటికీ పక్క సీటు

"కుడివైపు కూర్చుందాం నాన్నా. వంతెన మీద వంపు తిరిగితే ఇంజను కనబడుతుందన్నావుగా!"

"కిటికీ నీది, సంచీ నాది," అన్నాడు నజ్జారెనో. ఆ ఆల్ప్స్ కొండల రైలు పట్టాల కింద కంకర పరిచే ఇటలీ కూలీ అతను.

"సొరంగంలో గట్టిగా అరవొచ్చా?"

"గొంతు బొంగురుపోయేదాకా అరవమ్మా."

"ఎప్పుడెళ్దాం?"

"ఆదివారం."

"పోయిన ఆదివారమూ ఇదే కోత కోశావు, కోతలరాయుడా!"

మెట్ల మీద ఎవరివో అడుగుల చప్పుడు. ఎవరూ చెప్పకుండానే ఆరేళ్ల ఒరియెల్లా బీరువాలో దూరి తలుపు లాక్కుంది.

ఏడాదిలో కొన్ని నెలల పనికే పై దేశం నుంచి వచ్చే సీజను కూలీ బిడ్డను వెంట తెచ్చుకోకూడదని అప్పటి స్విట్జర్లాండు చట్టం. దొరికితే ఆ పిల్లను సరిహద్దు దాటిస్తారు. దేశదేశాల ధనికులకు రైలు కిటికీ సీట్లు అమ్ముకునే పెద్దమనుషుల దేశమండీ అది!

అడుగులు దూరమయ్యాయి. బీరువాలోంచి గుసగుస వినిపించింది.

"నాన్నా, రైల్లో కూడా బీరువా ఉంటుందిగా?"