పడవ అంచున మూడు దెబ్బలు

నీళ్లలోకి దూకేముందు హిసానో, రాళ్లకంటిన గవ్వల్ని ఊడదీసే ఇనుప ఉలితో పడవ అంచును మూడుసార్లు కొట్టింది.

"డెబ్బై దాటినా నీ చాదస్తం పోలేదత్తయ్యా," కోడలు కజుయో నవ్వింది. "సముద్రానికేమన్నా చెవుడా?"

"మా అమ్మ కొట్టింది, వాళ్లమ్మ కొట్టింది. ఒక్కతీ మునిగి చావలేదు. నువ్వు తాడు సరిగ్గా పట్టుకో."

గట్టు మీద ఒక ముసలాయన ఆ చప్పుడుకి అదిరిపడ్డాడు. పొద్దుటి ఓడ దిగిన కొత్త మనిషి. చంకలో పేపరు.

"అమ్మా, ఇంకొక్కసారి కొడతారా?"

"పండగ డప్పనుకున్నావా నాయనా?"

ఆయన నవ్వలేదు. "పందొమ్మిదేళ్ల కిందట, బొమ్మల పండగ నాటి పొద్దున, బాగా మంచు కమ్మింది. ఉత్తరపు రాళ్ల దగ్గర ఇంజను ఆపి ఎవరన్నా ఉన్నారా? మీరు గానీ?"

హిసానో ఉలిని వెనక్కి దాచింది.

అది జాలర్ల సంఘం వేట మూసిన రోజు. కడుపుతో ఉన్నవాళ్లు అవాబి గవ్వలు తింటే పుట్టే బిడ్డకి కళ్లు చక్కగా ఉంటాయని, నిండు చూలాలైన ఈ కోడల్నే తాడు పట్టమని, దొంగచాటుగా వెళ్లింది. ఇన్నేళ్లకి తనిఖీకి దిగాడా! తెలిస్తే సంఘం మళ్లీ నీళ్లలో దిగనివ్వదు.

కజుయో నోరు తెరవబోయింది. అత్తగారు ఆమె కాలు తొక్కింది.

"ఆ రోజు వేట బందు. ఈ ఊరి పిట్ట కూడా సముద్రం మీదికి పోలేదు."

"ఎవరూ లేరా?"

"ఎవరూ లేరు."

ఆయన ముఖం వాడిపోయింది. "అయితే వాళ్లు నవ్వడంలో తప్పులేదు," అని నడుం వంచి దణ్ణం పెట్టి, అడుగుల చప్పుడైనా లేకుండా ఓడ వైపు వెళ్లిపోయాడు.

"హమ్మయ్య, పీడ వదిలింది."

"పేపరు మర్చిపోయాడత్తయ్యా." కజుయో గట్టెక్కి తీసి చదివింది. "సవాషియో అనే జలాంతర్గామికి ఇరవై నాలుగేళ్ల కొలువు ముగిసిందట. నిన్న జెండా దించారట. ఒకసారి ఉత్తరపు రాళ్ల దగ్గర పైకి తేలబోతుంటే, నీటి చప్పుళ్లు వినే ఆయన, 'పైన ఎవరో మూడుసార్లు కొట్టారు, ఆపండి' అని పట్టుబట్టాడట. పక్కకి జరిగి తేలితే మంచులో ఏమీ కనపడలేదట. అప్పట్నించీ 'దయ్యాల చెవి' అని ఏడిపించారట..."

ఆమె పేపరు దించింది. "అత్తయ్యా, ఆ రోజు మన పడవ కిందే అది..."

ఓడ అప్పటికే గట్టు వదిలింది.

"మేమేనయ్యా! ఆ రోజు ఉన్నది మేమే!" సంఘం వింటుందన్న భయం కూడా మరిచి హిసానో అరిచింది. ఇంజను హోరులో ఆ కేక కలిసిపోయింది.

ఆమె ఉలి ఎత్తింది. ఉన్న సత్తువంతా పెట్టి కొట్టింది. ఒకటి. రెండు. మూడు.

ఓడ వెనక కొసన, బతుకంతా సముద్రం అడుగున చెవులతోనే చూసిన ఆ మనిషి గిరుక్కున తిరిగి, టోపీ తీసి, ఇనుప కమ్మీని మూడుసార్లు కొట్టాడు.