నలభై బొట్టుబిళ్ళలు

నూకరత్నం బొట్టుబిళ్ళల అట్టలు మూడు పోయాయి. దొంగ ఎవరో కాదు, మొగుడే.

గణేశ్వరరావుకు మరో దారి తోచలేదు. దీవి మీద మిడిల్ పాయింట్‌లో అతనికో షెడ్డు ఉంది. ఎండురొయ్యల పొడిలో మసాలా కలిపి పొట్లాలు కట్టిస్తాడు. వేణ్ణీళ్ళు పోసుకుంటే చాలు, పులుసు. డిగ్లీపూర్ వెళ్ళే ప్రయాణికుల ఓడలో వాటిని అమ్మే కాంట్రాక్టు ఈ ఏడే చేతికొచ్చింది, ఒక షరతుతో. ఆ పొడిని ఎవరూ ఉడకబెట్టరు కనుక అందులోని రోగక్రిములు ముందే చావాలి. పొట్లాలు విప్పకుండా, పెట్టెలతో సహా సముద్రం దాటించి, అవతలి ఒడ్డున ఉన్న ప్లాంటులో గామా కిరణాల కింద పెట్టించి తేవాలి. ప్లాంటువాళ్ళిచ్చిన పసుపుపచ్చ చుక్క పెట్టెకొకటి అంటించి పంపితే, కిరణాలు తగిలాక అది ఎర్రబడుతుంది. పసుపు చుక్కతో ఉన్న పెట్టె డిగ్లీపూర్ ఓడెక్కదు.

ఈసారి నలభై పెట్టెలూ షెడ్డే దాటలేదు. తుఫాను భయంతో సామాన్ల ఓడ ఆగిపోయింది. శుక్రవారానికి సరుకు అందకపోతే కాంట్రాక్టు రంగత్ ఊరి వ్యాపారులకు పోతుంది. ఏం చేయాలో తోచక అద్దం ముందు నిలబడితే, భార్య అంటించి వదిలేసిన ఎర్ర బిళ్ళ కంటబడింది. సరిగ్గా చుక్కంతే ఉంది.

నలభై చుక్కల మీదా నలభై బిళ్ళలు అంటించి, దూరంగా జరిగి చూసుకున్నాడు. అసలు వాటికన్నా అందంగా ఉన్నాయి.

బుధవారం పొద్దున్నే మణికుమార్ అనే ఫుడ్ ఇన్‌స్పెక్టరు వచ్చాడు. మెడలో కార్డు, చేతిలో ప్యాడు. పెట్టెల మధ్య నింపాదిగా తిరిగి, ఒక బిళ్ళ అంచును గోటితో గీకాడు.

"ఇక్కడ గాలికి తేమెక్కువ భయ్యా. జాగ్రత్త, ఊడిపోతాయి."

నవ్వి, శాంపిల్ కింద రెండు పెట్టెలు ఆటోలో వేయించుకుని వెళ్ళిపోయాడు.

ఆ నవ్వు గణేశ్వరరావును పురుగులా తొలిచింది. తిట్టినా బాగుండేది. కేసు రాసినా నిబ్బరంగానే ఉండేవాడు. తెలిసీ నవ్వి ఊరుకున్నవాడి మనసులో ఏముందో ఎవడికి తెలుసు? కళ్ళు మూస్తే ఓడ కనిపించింది. కడుపు పట్టుకుని మెలికలు తిరుగుతున్న ప్రయాణికులు. అందరి నుదుటా ఎర్ర బొట్టు.

నూకరత్నం సూటిగా అడిగింది.

"నా బొట్టుబిళ్ళలు ఏ మహాతల్లికి ఇచ్చీసేరు?"

ఆ అనుమానాన్ని మోయడం కన్నా నిజం చెప్పడమే తేలికనిపించి, అంతా చెప్పేశాడు. ఆవిడ నుదురు కొట్టుకుంది. వాడు బయటపెట్టేలోగా మనమే ఒప్పేసుకుంటే సగం తప్పు పోతుందని చెప్పి, చొక్కా చేతికిచ్చి తరిమింది.

గురువారం ఫుడ్ సేఫ్టీ ఆఫీసు వరండా బెంచీ మీద బజారులోని వ్యాపారులు నలుగురున్నారు. నలుగురివీ ఆముదం తాగిన మొహాలే. అందరి గుట్టూ రట్టయిందన్నమాట. చివర కూర్చున్న పచ్చళ్ళ రమణయ్యను గణేశ్వరరావు చెవిలో అడిగాడు.

"నీ కాడికీ వచ్చినాడేటి మామా, ఆ మణికుమారు?"

"వచ్చినాడు. రెండు డబ్బాలు పట్టుకుపోనాడు. నోర్మూసుకుని కూకుంటే మనకే చేటు. అందుకే మేడమ్‌కి చెప్పీడానికి వచ్చినాం."

గణేశ్వరరావు బుర్ర చురుగ్గా పనిచేసింది. కనికరమంటూ ఉంటే అది ముందు ఒప్పుకున్నవాడికే కదా. వరస తప్పి లోపలికి దూరాడు. మధులత అనే ఆఫీసరు కూర్చోమనేలోగానే ఓడ, చుక్కలు, భార్య బిళ్ళలు ఒక్క ఊపిరిలో చెప్పేసి, కాగితం అడిగి తీసుకుని, రాసి సంతకం పెట్టాడు. గుండె దూదిపింజైపోయింది. ఆవిడ ఫోను తీసి, ముప్పై ఎనిమిది పెట్టెలకూ సీలు వేయమని ఎవరితోనో చెప్పింది.

"మీ మణికుమార్ గారు కనిపెట్టీసేరు, నిజమే. కానీ నా అంతట నేనే వచ్చి చెప్పేనని రాయండి మేడమ్."

మధులత ఆ కాగితాన్ని సొరుగులో పెట్టి తాళం వేసింది.

"తప్పకుండా రాస్తాను. మణికుమార్ అని మా ఆఫీసులో ఎవరూ లేరండి. ఆ దొంగ ఇన్‌స్పెక్టరు మీద ఫిర్యాదు ఇవ్వడానికే బయట నలుగురూ కూర్చున్నారు, మీరూ అందుకే వచ్చారనుకున్నాను."