పెద్దసారు మెచ్చిన బొమ్మ

పెద్దసారు సోఫాలో కూర్చోగానే ఎదుటి గోడ వైపు చెయ్యి చాపి, "అబ్బ! ఏం బొమ్మయ్యా!" అన్నాడు.

కాఫీ తెచ్చిన ఇల్లాలు ఆ గోడ వైపు చూసింది. మొగుడి వైపు చూసింది. ఆయన 'నోరెత్తకు' అని కళ్ళతోనే చెప్పాడు.

నోరెత్తే ధైర్యం ఆమెకీ లేదు. ఆఫీసులో మేనేజరు కుర్చీ ఖాళీ అయింది. అది తన మొగుడికా, పక్క సెక్షన్లో ఉన్న కాకారాయుడికా అన్నది పెద్దసారు రేపు తేలుస్తాడు. ఆయన మాటకి అడ్డం చెప్పినవాళ్ళు బాగుపడ్డ దాఖలాల్లేవు. కిందటేడు ఒక గుమస్తా, ఆయన ఆకుపచ్చ అన్నదాన్ని నీలం అన్నాడు. ఇప్పుడా గుమస్తా ఏ ఊళ్ళో పనిచేస్తున్నాడో అతని పెళ్ళానికే సరిగ్గా తెలీదు.

పెద్దసారుకి కళ్ళజోడు ఉంది. అది జేబులో ఉంటుంది. పెట్టుకుంటే వయసు బయటపడుతుందని పైకి తియ్యడు. ఇందాక గుమ్మంలో ఇల్లాలి అత్తగారికి ఆయన "బాగున్నారా బాబాయిగారూ" అని దణ్ణం పెడితే, కొడుకు ఉద్యోగం గుర్తొచ్చి ఆవిడ కూడా బాగున్నానంది.

"ఏరు, గట్టుమీద ఒంగిన చెట్టు, ఒక పడవ. అంతే! జనం లేరు, గోల లేదు. దీన్నే ఇంప్రెషనిజం అంటారు. ఆ మంచుతెర చూశావా? అలా తీసుకురావడం అందరివల్లా అయ్యే పని కాదు."

ఆమె చెంపలు వేడెక్కాయి. పనిమనిషి మానేసి వారమైంది. తుడుద్దాం, తుడుద్దాం అనుకుంటూనే ఉంది. ఆ మంచుతెరంతా దుమ్మే.

"చూస్తూంటే పడవ కదిలినట్టే లేదూ?"

"కదిలినట్టే ఉంది సార్," అన్నాడు మొగుడు వినయంగా.

"ఎవరు వేసింది?"

"తెలీదు సార్. పేరెక్కడా లేదు."

"గొప్పవాళ్ళంతేనయ్యా, పేరు పెట్టుకోరు. ఎక్కడ కొన్నారమ్మా?"

"విడిగా కొనలేదండీ," అంది ఆమె. "ఇల్లు కొన్నప్పుడు దాంతోపాటే వచ్చింది."

"చూశావా! అమ్మినవాడికి విలువ తెలిసుంటే ఇచ్చేవాడా?"

అత్తగారు ఇక ఉండబట్టలేక, "బాబూ, అది మరి..." అని మొదలుపెట్టింది. కొడుకు గబుక్కున ఒక బిస్కెట్టు తీసి తల్లి నోట్లో పెట్టాడు. ఆ కంగారులో, "దగ్గరికెళ్ళి చూస్తారా సార్?" అనేసి, నాలిక్కరుచుకున్నాడు.

"వెర్రివాడా! ఇలాంటివి దగ్గరికెళ్ళి చూస్తారటయ్యా? వట్టి మచ్చలు కనిపిస్తాయి. దూరం నుంచే చూడాలి."

ఆమెకి పోయిన ప్రాణం లేచొచ్చింది. ఆ సంతోషంలో, "ఇంతమంది వచ్చి వెళ్ళారు గానీ, మీలా చూసినవాళ్ళు లేరండీ," అంది.

ఆ మాటే కొంప ముంచింది.

"అందుకే, ఇది ఉండాల్సింది ఇక్కడ కాదమ్మా," అన్నాడు పెద్దసారు లేస్తూ. "నా గదిలో, సరిగ్గా నా వెనక గోడకి ఉండాలి. పొద్దున డ్రైవర్ని పంపిస్తా, ఇచ్చి పంపండి. మీ ఆయన కుర్చీ సంగతి కూడా పొద్దున్నే చూద్దాం."

"మహాభాగ్యం సార్!" అన్నాడు మొగుడు.

కారు మలుపు తిరిగింది. అత్తగారు బిస్కెట్టు మింగి, "ఏ నోటితో ఇస్తానన్నావురా?" అంది.

"ఇవ్వనంటే పొద్దున్నే కాకారాయుడు మేనేజరు! ఏదో ఒక దారి ఉండకపోదు. నువ్వైనా చెప్పవే!"

ఇల్లాలు ఖాళీ కప్పులు ట్రేలో సర్దుకుంటూ అంది. "కిటికీ అయితే వడ్రంగిని పిలిచి ఊడదీయించి ఇద్దాం గానీ, దాని అవతలున్న ఏరుని ఏ కాగితంలో చుట్టి పంపుదామండీ?"