మబ్బు కాదమ్మా

ఉదయం 9.12కి పొగ విభాగంలో ఫోన్ మోగింది.

డ్యూటీలో ఉన్నది ఇద్దరు: విశ్లేషకురాలు, ఆమె పక్క సీటాయన. పక్క సీటాయన నంబరు చూసి నవ్వాడు.

"చివర మూడు ఏడులు. నీ ముక్కు తాతే. స్పీకర్‌లో పెట్టు."

నాలుగు రోజులుగా ఉత్తరాన అడవి తగలబడుతోంది. పొగ ఎటు పోతోందో ఉపగ్రహ చిత్రాల్లో చూసి, పదింటిలోగా ఊళ్లకు హెచ్చరిక పంపడం ఆ విభాగం పని. హెచ్చరిక అందిన ఊళ్లో బడులు మూస్తారు. ఆ నాలుగు రోజులూ వాసన వస్తోందంటూ లోయ ఊరి నుంచి ముసలాయన ఫోన్ చేస్తున్నాడు. ముక్కు తాత అని పేరు పెట్టింది విశ్లేషకురాలే.

ఆమె స్పీకర్‌లో పెట్టింది.

"అమ్మా, పొగ లోయలోకి దిగింది. ఎదురింటి గేటు కనిపించడం లేదు. బడిలో ఇవాళ ఆటల పోటీలు. ఆపించాలి."

ఆమె తెర చూసింది. అడవి మీది నుంచి గోధుమరంగు చార తూర్పుకు సాగుతోంది. దక్షిణాన, లోయ మీద తెల్లటి మచ్చ. దాని మీద కంప్యూటర్ వేసిన గుర్తు: మబ్బు.

"పొగ తూర్పుకు పోతోందండీ. మీ మీదున్నది మబ్బు."

"మబ్బు కాదమ్మా. ఆ మచ్చ అంచు చూడు. మబ్బయితే..." దగ్గు అందుకుంది.

"మా ఉపగ్రహం కంటే మీ ముక్కు గొప్పదంటారా తాతగారూ?"

పక్క సీటాయన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"గొప్పదని కాదు తల్లీ. అది పైనుంచి చూస్తుంది. నేను కింద ఉన్నాను."

"సరే, రాసుకున్నాను."

ఆమె రాసుకోలేదు.

"ఒక్కమాట. నేనూ ఒకప్పుడు ఆ..."

"వేరే ఫోన్లు వస్తున్నాయండీ."

వేరే ఫోన్లేవీ రావడం లేదు.

9.20కి మళ్లీ మోగింది. 9.31కి మళ్లీ. ఆమె శబ్దం తగ్గించింది.

పదింటికి తూర్పున ఆరు ఊళ్లకు హెచ్చరిక వెళ్లింది. అందులో లోయ ఊరు లేదు.

11.25కి ఆసుపత్రి నుంచి కబురు వచ్చింది. లోయ బడిపిల్లలు ఇరవై ఇద్దరు ఊపిరాడక చేరారు. ప్రాణాపాయం లేదు. హెచ్చరిక రాలేదు కాబట్టే ఆటలు ఆపలేదని హెడ్మాస్టర్ అన్నాడు. ఎవరో ముసలాయన మైదానంలోకి వచ్చి, మిగతా పిల్లల్ని గదుల్లోకి తోలాడట. ఆ తర్వాత గేటు దగ్గర పడిపోయాడట.

11.31కి లోయకు హెచ్చరిక వెళ్లింది.

ఆమె ఆ నంబరుకు ఫోన్ చేసింది. ఆడగొంతు పలికింది.

"మామయ్యగారు లేరమ్మా. పదకొండింటికి పోయారు. మీరెవరు?"

ఆమె విభాగం పేరు చెప్పింది.

"మీరా. వాళ్లు ఫోన్ తియ్యరేం మామయ్యా అని నేను విసుక్కున్నాను. 'ఈ రోజుల్లో వాళ్లకి ఊపిరి సలపదమ్మా, నాకు తెలుసు' అన్నారు."

పన్నెండింటికి పెద్దాఫీసరు వచ్చాడు. ఈ విభాగానికి వచ్చి ఆయనకు ఏడాది.

"మబ్బని ఎవరన్నారు?"

"కంప్యూటరండీ."

"మన విభాగం నియమాల పుస్తకంలో ఏముంది?"

పుస్తకం ఆమె తెర కింద ఉంది. ఎత్తు చాలక, ఉద్యోగంలో చేరిన రోజే తనే పెట్టుకుంది. తెర ఎత్తి లాగింది.

పన్నెండో పేజీలో ఇలా ఉంది: 'పొగ బాగా చిక్కబడితే కంప్యూటర్ దాన్ని మబ్బు అంటుంది. నమ్మవద్దు. కింద ఉన్న మనిషిని అడగండి.'

చివరి పేజీలో, అది రాసిన విభాగం తొలి అధిపతి సంతకం ఉంది. అనుమానం వస్తే ఏ వేళనైనా పిలవమని కింద ఇంటి ఫోన్ నంబరు ఉంది.

చివర మూడు ఏడులు.