గది వైపు మసి

కోతలయ్యాక పొలాల్లో కొయ్యకాళ్ళు తగలబెట్టే రోజులవి. పొద్దు వాలితే చాలు, పొగ ఊరి మీదికి దిగి కదలనంటుంది. అందుకే కుట్టుపని చేసుకునే ఆ కోడలు నెలంతా కిటికీకి తడిగుడ్డ కట్టి ఉంచుతుంది. అత్తగారిది ఉబ్బసం ఒళ్ళు మరి.

ఆ రాత్రి మిషను ఆపి, గుడ్డ మార్చడానికి లేచింది. మంచం వైపు నుంచి పిల్లికూతలు సన్నగా వినిపిస్తూనే ఉన్నాయి. పాపం, ఇవాళా ఆవిడకి నిద్ర లేదనుకుంటూ గుడ్డ విప్పింది.

రోజూ వీధి వైపు నల్లబడేది. ఇవాళ అటు మల్లెపువ్వులా ఉంది. మసి గది వైపు పట్టింది. అదీ గుడ్డంతా కాదు. మనిషి నిలబడితే నోరు ఆనేంత ఎత్తులో, అరచేతి మేర.

"అత్తయ్యా, కిటికీ దగ్గరికి గానీ వచ్చారా?"

"నేను లేస్తేగా! ఇవాళ ప్రాణం హాయిగా ఉందే. నీకే పొగ పట్టినట్టుంది, ఇందాకట్నుంచీ ఒకటే పిల్లికూతలు. కాసిని వేణ్ణీళ్ళు తాగి పడుకోకూడదూ?"

కోడలు ఊపిరి బిగబట్టింది. అత్తగారూ మాట ఆపేసింది. ఇద్దరి నడుమా కూతలు మాత్రం ఆగలేదు.

"ఎవరే అమ్మాయ్?" అంది అత్తగారు, గొంతు బాగా తగ్గించి.

కోడలు గుడ్డను మళ్ళీ తడిపి, నెమ్మదిగా కిటికీకి కట్టింది. బయట ఆకు కదలడం లేదు. గుడ్డ మాత్రం ఆ ఎత్తులోనే గది వైపుకి పీల్చుకుపోయి, వదులైంది.

కూతలు కాస్త తెరిపిన పడ్డాయి.